ఊడిన వైరు

సనయ్య.
దోహాకు వచ్చిన కొత్తల అది మనిషి పేరనుకున్న.
మా దిక్కు ఐలయ్య, కొంరయ్య ఉన్నట్టు
ఈడ సనయ్య ఉన్నడనుకున్న.
షెడ్లు, క్రేన్లు, టైర్ల కుప్పలు,
వీధికో నంబరు, ఇదే సనయ్య అని తెలిసిన నాడు
రూముల పదకొండు మంది నవ్విండ్రు.
పన్నెండోవాణ్ని నేను. నేనూ నవ్విన.

శుక్రవారం బిర్యానీ తిన్నంక
ఆ సినిమా పెట్టుడు మా రూము ఆనవాయితీ.
పేరెందుకు గాని,
ఆడిన నాలుగు రోజులూ ఊరూరా తిట్లు తిన్న సినిమా.
గోడకు తెల్ల లుంగీ కట్టి
ఉల్లిగడ్డల డబ్బా మీద ప్రొజెక్టరు పెట్టి
రెండు గంటలు కూసునేది ఒక్క సీను కోసమే.

హీరో ఫోన్ల మాట్లాడుతుంటడు.
పాతకాలం నల్ల ఫోను. అటు దిక్కు ప్రియురాలు.
ఏడు నిమిషాలు. ఏడుపు, ఊపిరి, కవిత్వం.
ఫోను వైరు మాత్రం ఊడి
బల్ల కింద తోక లెక్క వేలాడుతుంటది.

"ఎవనితోని మాట్లాడుతున్నవ్ బే!"
అరిచేది రాజలింగు.
దాని మీద పదకొండు నవ్వులు.
మంచాల ఇనుప చువ్వలు గూడ నవ్వేవి.

నేను మొదటిసారి చూసిన నాడు
సీను ఇంకా రానేలేదు, నవ్వు మాత్రం తయారుగుంది.
నవ్వే ముందు అటూ ఇటూ చూసిన,
రోడ్డు దాటేటప్పుడు చూసినట్టు.
అందరు దాటుతున్నరు. నేనూ దాటిన.

పొద్దుగాల సైటు మీద
నా హిందీని సూపర్‌వైజర్ ముక్కుతోని పలికి చూపిస్తే
లైన్ల నిలబడ్డోళ్లంత నవ్విండ్రు.
నా మీది ఆ నవ్వుల నా గొంతు గూడ ఉండె.
దినమంత మింగింది రాత్రికి ఎక్కడన్న కక్కాలె గదా.
మాకంటే కింద ఎవడున్నడని వెతికితే
ఆ హీరో దొరికిండు.
తిరిగి కొట్టడు.

ఓదెలుది కింది మంచం.
అందరికంటే అరక్షణం ఆలస్యంగా నవ్వేటోడు.
నేను చానా రోజులు పట్టించుకోలే.
ఒక రాత్రి రెండింటికి మెలకువైతే
దుప్పట్ల ఫోను చెవికి పెట్టుకొని
మెల్లగ అడుగుతుండు:
"వరి కోసిండ్రా? మోకాలు ఎట్లుంది?
నీళ్లు కాచుకొని తాగు."
తెల్లారి చూస్తే ఆ ఫోన్ల సిమ్ము లేదు.

ఆమె పోయి ఏడాదైందని,
కంపెనీ లీవు ఇయ్యలేదని
రాజలింగే చెప్పిండు నాకు,
గ్లాసుల చాయ్ చల్లారేదాక, నవ్వకుండ.
ఆ శుక్రవారమే మళ్ల అరిచిండు,
"ఎవనితోని మాట్లాడుతున్నవ్ బే!"
రెండు మాటలూ ఒక్క నోట్లకెల్లే వచ్చినయి.
మనిషి చెడ్డోడు కాదు.

మంగళవారం జరమొచ్చి రూముల ఒక్కన్నే పడుకున్న.
లుంగీ కట్టలే. ఫోన్లనే పెట్టుకొని చూసిన.
సినిమా బాగుందని నేననను.
మీసం ఒక పక్క లేస్తది,
పులి చక్రాల మీద నడుస్తది.
కాని ఆ సీన్ల, నాలుగో నిమిషంల
అతని చూపు ఒక్కసారి కిందికి దిగుతది.
వెనక్కి జరిపి మళ్ల చూసిన.
చూస్తడు. వైరును చూస్తడు.
చూసి, గొంతు వణకకుండ
"ఇంకేంటి సంగతులు" అని అడుగుతడు.

ఆపేస్తే ఎవరో ఒకరు ఉరికొచ్చి వైరు పెట్టేటోళ్లే.
ఆపలే.
పన్నెండు మందిమి చూసినన్ని రోజులు
నాకు వైరే కనపడ్డది.

ఓదెలును అల్‌ఖోర్ క్యాంపుకు మార్చిండ్రు.
కింది మంచం మీద ఇప్పుడు ఆర్మూరు పిలగాడు,
ఇంకా సబ్బు వాసన పోని బట్టలు.
మొన్న శుక్రవారం సీను వచ్చింది. రాజలింగు అరిచిండు.
పిలగాడు అటు చూసిండు, ఇటు చూసిండు,
నా మొఖం దిక్కు చూసిండు.
ఆగు, నాలుగో నిమిషం దాక ఆగు,
అతని కన్ను చూడు అని చెప్పాలె.
నోరు తెరిచిన.
నవ్వే వచ్చింది,
అందరికంటే అరక్షణం ఆలస్యంగా.