వేడి నంబరు

చీరైతే భుజమ్మీద వేసుకొని అద్దంల చూసుకుంట.
చెప్పులైతే దుకాణంల నాలుగడుగులు నడిచి చూస్త.
నిద్రను ఎట్ల తొడిగి చూసుడు?

హన్మకొండ చౌరస్తా పక్క సందుల,
అడవులు తిరిగేటోళ్ల సామాన్లమ్మే దుకాణంల
మూడు పరుపులు పరిచిండు పిలగాడు.
ఒకటి చాపలెక్క చుట్టేది,
కోడిగుడ్ల అట్ట తీరు గుంతలున్నది, బెండంత తేలిక.
ఒకటి గాలి ఊదేది. మడిస్తే పిడికెడు,
మీద కదిలితే చిప్స్ పాకెట్ చప్పుడు.
మూడోదాని కడుపుల స్పాంజి.
మూత తిప్పితే
తనంతట తనే ఊపిరి పీల్చుకుంటది.

"దీని వేడి నంబరు మూడున్నర మేడం" అన్నడు.
జ్వరానికి నంబరుంటదని తెలుసు,
వీపు కింది వెచ్చదనానికి గూడ ఉంటదా?
"నంబరు ఎంత పెద్దగుంటే నేల అంత దూరం మేడం."
ఆ మాట నచ్చి బేరమాడుడు మర్చిపోయిన.

చెప్పులిడిచి పండుకున్న,
దుకాణం నడిమధ్యల, యాభై ఏండ్ల మనిషిని,
కుచ్చిళ్లు కాళ్లకింద అదుముకొని.
పిలగాడు బిల్లు పుస్తకంల తల దూర్చిండు.
టార్చిలైటు కొననొచ్చిన ఒకాయన
గుమ్మంలనే ఆగి,
ఎవరింట్ల పడకగదిలకో వచ్చినట్టు
వెనక్కి మర్లిపోయిండు.

ఇరవై రెండేండ్ల సంది నా పని ఇదే.
ఎంజీఎంల ఎక్స్‌రే గది.
"పండుకోండ్రి. కదలకుండ్రి. ఊపిరి బిగపట్టుండ్రి."
ఆ బల్లకు వీపు ఆనంగనె
ప్రతి మనిషి ఒక్కతీరే ఉలిక్కిపడతడు,
మేస్త్రీ, హమాలి, కొత్త పెండ్లికూతురు, పోలీసు.
దుప్పటేమో పైన కప్పుతం.
చలేమో కింద ఉంటది.
ఇన్నేండ్లు చూసి గూడ నాకు తట్టని సంగతి
పాకాలల పిట్టలు లెక్కవెట్ట పోదమని
రుక్సానా పిలిచినంకనే తట్టింది.

బాపు ఎనుమాముల మార్కెట్ల
పత్తి బస్తాల మీద పండుకునేటోడు,
పుష్యమాసంల, మూడు రాత్రులో నాలుగు రాత్రులో.
ధర రాకుంటే వెచ్చగుండేది ఆయనకు.
ధర వచ్చిన్నాడు
ఖాళీ గోనెసంచి మీద వణుక్కుంట ఒరిగి
పొద్దున ఫస్టు బస్సుకు వచ్చేటోడు.
ఆ బస్తా నంబరు ఎంతో
ఈ పిలగాన్ని అడుగుదమనుకున్న. అడగలే.

మూడోదే తీసుకున్న. నాలుగువేల రెండొందలు.
ఇంటాయనకు పద్దెనిమిది వందలని చెప్పిన.

పాకాల కట్ట అవతల, తునికిచెట్ల నడుమ గుడారం.
రుక్సానా కొత్తవాడ జంపఖానా తెచ్చుకున్నది,
ఎర్ర చారలది, వాళ్ల నానమ్మ పెండ్లినాటిది,
నాలుగు మడతలేసి
"నాకు గాలి పరుపులెందుకు?" అన్నది.
రాత్రి మూడు గొట్టంగ
జంపఖానా జరిగి నా పరుపు అంచుకు వచ్చింది.
జరసేపటికి రుక్సానా సగానికి వచ్చింది.
ఇంకో జరసేపటికి అంచుమీద నేనున్న.
ఒక మనిషి వెడల్పు మీద ఇద్దరం,
వీపుకు వీపు.
"ఊపిరి బిగపట్టు" అన్న.
నవ్వింది. పరుపంత ఊగింది.
చెరువు దిక్కు ఏదో పిట్ట కూసింది.
పేరు నాకు తెల్వదు.
తెలిసినామె నిద్రపోయింది.

నా తుంటి కింద రెండేళ్ల మందం స్పాంజి,
దాని కింద గుడారం బట్ట, ఎండిన ఆకులు,
ఒక గులకరాయి.
ఎటు జరిగినా సరిగ్గ
నడుము నాలుగో పూస కాడికే వచ్చేది.
ఫిలిం మీదైతే తెల్లగ పడేది.

పొద్దుగాల వాచరు పొడెం ముత్తయ్య చాయ్ తెచ్చి
పరుపును బొటనవేలితోని ఒత్తి చూసిండు.
"ఎంతమ్మా?"
"తొమ్మిది వందలు."
"అమ్మో" అన్నడు.
అటిటు చూసి, కర్ర పక్కన వెట్టి,
బూట్లు బయట ఇడిచి,
మాసిపోకుండ తన తువ్వాల పరిచి
దానిమీద పండుకున్నడు.
మావోళ్లంత దుర్భిణులు నీళ్లదిక్కు తిప్పిండ్రు.

కండ్లు మూసుకున్నడు.
కదలకుండ్రి అని నేను అనలే.
చాయ్ మీద మీగడ కట్టింది.