కుదురు

మార్చిలో ఒక రాత్రి
మంచం మీద కుడివైపు తిరిగాను.
ఇల్లు నాతో పాటే తిరిగింది,
నేను ఆగాక కూడా ఆగలేదు.

చెవి లోపల ఇసుక రేణువులంత రాళ్లుంటాయట,
చోటు తప్పాయన్నాడు డాక్టరు.
నా తలను అటు వంచి ఇటు వంచి
వాటిని వాటి గూట్లోకి దొర్లించాడు.
రాళ్లయితే చేరాయి గానీ
నేల మీద నాకున్న నమ్మకం
ఎటు దొర్లిపోయిందో ఆయనకీ తెలీదు.
జయనగర్ మెట్రో మెట్ల మీద
యాభై ఒక్కేళ్ల ఆడిటర్ని
రెయిలింగు పట్టుకుని
ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ దిగాను.

ఏదైనా ఆట మొదలుపెట్టండి అన్నారు.
ఆఫీసులో ఎవరో వద్దనుకున్న కూపను
నా బల్ల మీదికొచ్చింది.
అలా గోల్ఫు.
నవ్వకండి, మావాళ్లు ఇప్పటికే నవ్వారు.

దొమ్మలూరు వెనక, నవంబరు, ఆరుంపావు.
మంచు ఇంకా గడ్డి దిగలేదు.
మునెప్ప నా చేతికి ఏడో నంబరు ఐరన్ ఇచ్చాడు.
నా చేతులు చూడలేదు,
బూట్లు చూశాడు.
"మీరు నిలబడిండ్లేదు మేడమ్.
పడకుండా ఉండారు, అంతే."

అతనిది ముళబాగిలు పక్క పల్లె,
మాటలో మూడొంతులు తెలుగు, ఒక వంతు కన్నడం.
ముప్పై ఏళ్లు పెద్దవాళ్ల సంచులు మోసి
ఎడమ భుజం రెండంగుళాలు దిగిపోయింది.

"కాళ్లు భుజాలంత ఎడం.
మోకాళ్లు వదలల్ల, బిగించుకుంటే బంతికి తెలిసిపోతాది.
మడమల్లో బరువేస్తే వెనక్కి పోతారు,
వేళ్లలో వేస్తే ముందుకు పడతారు.
లేసు ముడి ఉంటాదే, దాని కింద పెట్టండి బరువు.
సరీ. ఇప్పుడు కుదురైంది."

కుదురు!
ఈ మాట విని ఎన్నాళ్లైందో.
ఈజీపురలో వాళ్లింటికి ట్యాంకరు వచ్చే రోజు
అతని భార్య నీలం ప్లాస్టిక్ బిందె కింద
పాత స్కూటరు టైరు ముక్క చుట్టి పెడుతుందట.
"అది లేకుంటే నిండు బిందైనా దొర్లుతాది మేడమ్."

నేను ఇరవై ఎనిమిదేళ్లు
రెండు వైపులా ఒకటే అంకె తేలందే
ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు.
ఇక్కడ అలా కుదరదు.
కర్ర వెనక్కి లేచేప్పుడు బరువు కుడికాలికి రావాలి,
దిగేప్పుడు ఎడమకాలికి కారిపోవాలి,
లెక్క ఏ క్షణమూ సరిపోదు.
ఐనా మనిషి పడడు.

మొదటి దెబ్బ గాలికి.
రెండోది గడ్డికి, మట్టిపెళ్ల బంతికన్నా దూరం పోయింది.
అవతల తీతువు అరిచింది.
ఇంటి మీద అరిస్తే కీడనేది మా మేనత్త.
ఇక్కడ దానికి గుడ్లున్నాయి,
మాలి నాలుగు పుల్లలు పాతి
చుట్టూ ఎర్రదారం కట్టాడు.
అది అరుస్తున్నది నా గురించి కాదు.

"కండ్లు మూసుకోండి" అన్నాడు మునెప్ప.
ఎనిమిది నెలల్లో
స్నానం చేస్తూ కూడా మూసుకోని కళ్లు.
ఐరన్‌ని చేతికర్రలా నేలకానించి
ముందు ఒకటి, తర్వాత రెండోది మూశాను.

హెచ్‌ఏఎల్ వైపు నుంచి హెలికాప్టర్ మోత.
ఎవరో కాఫీ గ్లాసు కడుగుతున్నారు.
కుడి పాదం కింద ఏదో పల్లం.
ఊగాను. మళ్లీ ఊగాను.
అప్పుడు తెలిసింది,
ఈ చోట నేలే మురుగుకాలువ వైపు
కొంచెం వాలి ఉంది.
అన్ని వంపులూ నా తలలోవే
అనుకున్నానిన్నాళ్లూ.

కళ్లు తెరిచి కొట్టాను.
చేతికి దెబ్బ తగిలినట్టే లేదు.
బంతి లేచింది, తిన్నగా కాదు,
కుడివైపు వల మీద పడి జారింది.
మునెప్ప మెచ్చుకోలేదు.
ఇంకో బంతి పెట్టి పక్కకు జరిగాడు,
ఒక భుజం పైకి, ఒక భుజం కిందికి,
గోడకు వంకరగా తగిలించిన పటంలా,
ఎవరూ తోయలేనట్టు.

మార్చి నుంచి
ఎడమవైపే పడుకుంటున్నాను.
ఇవాళ మోకాళ్లు కాస్త వదిలి,
మెల్లగా,
అటు తిరిగి చూస్తాను.