ఒక మిల్లీలీటరు చెరువు

పొద్దున్నే ఐదున్నరకి
బాలమల్లు థర్మకోల్ తెప్ప మీద చోటిస్తాడు.
అటొక మోకాలు, ఇటొక మోకాలు,
మధ్యలో నా పట్టువల, ఆరు సీసాలు, అయోడిన్.
"మీ వలల ఏం పడ్తది మేడమ్, గాలి గూడ పడదు గదా"
ప్రతి నెలా, మొదటిసారి అడుగుతున్నట్టే.

అతని వల కన్ను నాలుగు వేళ్లు.
నా వల కన్నులో తలవెంట్రుక కూడా దూరదు.

నలుపూ తెలుపూ పళ్లేన్ని తాడుకు కట్టి దించుతాను.
జానెడు లోతుకే మాయం.
జానెడు అని రాస్తే పై ఆఫీసు ఒప్పుకోదు,
ఇరవై రెండు సెంటీమీటర్లు అని రాస్తాను.
బాలమల్లు తాత, జారిపడ్డ ముక్కుపుడకని
ఒడ్డున నిలబడే చూసి దూకి తెచ్చాడట.
ఆ లోతు ఏ రిజిస్టరులోనూ లేదు.

ల్యాబులో ఒక ట్యూబులైటు ఎప్పుడూ కొట్టుకుంటూ ఉంటుంది.
గాజు పలక, పలకలో గుంట,
గుంటలో ఒకే ఒక్క మిల్లీలీటరు నీళ్లు.
అంతే చెరువు.
పదకొండేళ్లుగా దాంట్లోకి వంగి వంగి
నా మెడ నాది కాకుండా పోయింది.

అయోడిన్ తగలని సీసాని ముందు చూస్తాను,
ఇంకా బతికుండగానే.
డయాటమ్ గాజుతో ఇల్లు కట్టుకుంది, కుంకుమభరిణెలా
అడుగు భాగం మీద సరిగ్గా మూత.
రోటిఫర్ తల మీద రెండు చక్రాలు తిరుగుతున్నాయి.
తిరగవు నిజానికి, నూగు వరసగా వంగి లేస్తుంది,
మోసపోయేది నా కన్ను.
డాఫ్నియాకి దాపరికం లేదు:
ఇది గుండె, ఇది పొద్దున తిన్న నాచు,
పేగులో పచ్చని గీత.
నీళ్లలో చేప వాసన సోకితే చాలు,
దీని పిల్లలు నెత్తిన మొనదేలిన టోపీతో పుడతాయి.
ఎన్నడూ చూడని శత్రువుకి తల్లి కడుపులోనే ఏర్పాటు.

పగలు లోతుకి దిగుతాయి, చీకటి పడ్డాక మేతకి పైకొస్తాయి.
గచ్చిబౌలి టవర్ల వెలుగు పడ్డ మేర మాత్రం
తెల్లారిందేమోనని కిందే ఆగిపోతాయి
అని నా అనుమానం.
లెక్క ఇంకా తేలలేదు.

మే నెల లెక్క తేలింది.
మైక్రోసిస్టిస్ గుంపులు రెండు వందల తొంభై,
డాఫ్నియా సున్నా, డయాటమ్ సున్నా,
తర్వాతి గడిలోనూ సున్నా పెట్టి టీకి లేచాను.
చెరువంతా ఆకుపచ్చ పెయింటు,
ఒడ్డున హోర్డింగులో నీలం.
లేక్ వ్యూ, మూడు పడకగదులు.

హద్దురాయి ఒక రాత్రి నడిచింది.
ఎటు నడిచిందో అందరికీ తెలుసు.
సెల్లారు కోసం తవ్వుతుంటే తొమ్మిదడుగుల కింద
నల్లటి మన్ను, జిగట, నత్తగుల్లలతో.
బాలమల్లు పాలిథిన్ కవర్లో తెచ్చి బల్ల మీద పెట్టాడు:
"ఎన్కట మా తాత వలేసిన జాగ ఇది."

బీకరులో వేసి, వడకట్టిన నీళ్లు పోసి, దీపం కింద ఉంచాను.
నాలుగో రోజు ఏమీ లేదు.
ఆరో రోజు మూత తీయడం మరిచిపోయాను.
తొమ్మిదో రోజు
నీళ్లలో ఒక చుక్క తనంతట తాను ఎగిరింది.

జీను ఆకారపు పెంకులో గుడ్లు,
ముప్ఫై ఏళ్లో నలభయ్యో,
మీద మట్టి పోసినా, లారీలు నడిచినా
తడి కోసం, వెలుగు కోసం ఆగి ఉన్నాయి.
పుట్టినవి ఐదు. ఐదూ ఆడవే.
ఏ తలమీదా టోపీ లేదు.

బాలమల్లుని స్టూలు మీద కూర్చోబెట్టి చూపించాను.
చాలాసేపు కన్ను తీయలేదు.
"దీనికి ఎర్కనా మేడమ్,
చెరువు పోయిందని?"

నేను రిజిస్టరు తెరిచాను.
తేదీ. జాతి. సంఖ్య.
నమూనా తీసిన స్థలం అన్న గడి దగ్గర
పెన్ను ఆగింది.
తర్వాత రాశాను:
చెరువు, బి బ్లాకు, సెల్లారు.