రెండంగుళాల మడత

విజయనగరం బండి దించేసి పోయింది.
కొరాపుట్టు బండికింకా గంటా నలభై నిమిషాలు.
రాయగడలో ఏమేం చూడాలో
టిక్కెట్టు వెనకాల రాసుకునే వచ్చాను:
మజ్జిగౌరమ్మ గుడి,
నాగావళి మీద వేలాడే వంతెన,
వీలైతే వేడి పియాజీలు.

మెట్లు దిగుతుంటే
బ్యాగు జిప్పు నోరు తెరిచింది.
చీరలూ, మందుల డబ్బా, అప్పడాల కట్టా
ఊరందరికీ దర్శనం.

ఆటోల వెనక సందులోకి
కుట్టుమిషను చప్పుడు పట్టుకుని వెళ్లాను.
బోర్డు ఒడియాలో ఉంది.
మన అక్షరాలకు మేనత్త పిల్లల్లా
ముఖం పోలికే గాని
ఒక్కదాని పేరూ తెలీదు నాకు.

"జిప్పేనేటమ్మా? కూకోండి, పది నిమిషాల పని"
అంది సుభద్ర, పెదాల మధ్య గుండుసూది తీయకుండానే.

నిజంగా పది నిమిషాలే.
గుడికెళ్లి రావచ్చింకా. లేచాను.
"మీకు తెలుగు సదవడం వొచ్చా?"

అడుగు బల్లలోంచి తీసింది
నూనె మరకల పొడుగాటి పుస్తకం.
వాళ్ల నాన్న, దర్జీ అప్పలసూరి, కొలతలు రాసుకున్నది.
ఆమె చదివింది ఒడియా బడి.
అంకెలు తెలుసు.
ఆ ఛాతీ ఎవరిదో, ఆ నడుం ఎవరిదో
ముప్పై ఏళ్లుగా తెలీదు.

చదివాను.
నేను పలికిన ప్రతి పేరు పక్కనా
పెన్సిల్ తో తన అక్షరాల్లో దించుకుంది.

గూడ్సు గార్డు మహాపాత్రో: ఎడం భుజం పల్లం.
చెప్పకుండా దూది పెట్టాలి.
మునిగుడ సాహు గారి కోడలు: కొలత ఇవ్వదు,
పాత రవికె పంపింది. అది కూడా ఆమెది కాదు.
గుణుపురం పెళ్లివారు: ఏడు లంగాలు. డబ్బు రాలేదు.
దాని కిందే, వేరే సిరాతో: రాదు.

సుభద్ర నవ్వింది,
చక్రం మీద చెయ్యి ఆనించి.

పదహారో పేజీలో ఇంటిపేరు లేదు.
సుభద్ర. ఛాతీ ఇరవై రెండు. పొడుగు ఇరవై ఆరు.
ఎదిగే పిల్ల,
లోపల రెండంగుళాల మడత వదలాలి.
కింద మరుసటేడు. కింద ఆపై ఏడు.
అంకెలు పెరిగాయి, మడత మాట మారలేదు.

పెన్సిలు ఆగింది.
"బళ్లో నన్ను గోనెసంచీ అనీవోరు" అంది.
"ఎవులికో కుట్టగా మిగిలిన గుడ్డ
నాకు తొడిగీవోడనుకున్నాను."

బయట ఎవరో పియాజీలు వేయిస్తున్నారు.
వాసన వచ్చి, గుమ్మంలో కాసేపు నిలబడి, వెళ్లిపోయింది.

"తరవాత పేజీ సదవండి" అంది,
గొంతు కొంచెం గట్టిగా.

ఇరవై మూడు దాకా వచ్చాం.
ఒక పేరు మీద చెమ్మ దిగింది.
'రా' అనో 'దా' అనో, ఇద్దరం వెలుతురుకి ఎత్తి చూశాం.
అప్పుడే మైకు నా బండిని పిలిచింది.

కూలి ఇరవై అంది.
యాభై నోటిచ్చాను.
గల్లాపెట్టె తెరిచింది. నాకు చిల్లర కనబడుతూనే ఉంది.
మూసేసింది.
"ముప్పై నా బాకీ. తిరుగు బండికి దిగండి."

పరిగెత్తి ఎక్కాను.
కిటికీ పక్కన కూర్చుని టిక్కెట్టు వెనకాల
గుడి, వంతెన, పియాజీలు
ఏవీ కొట్టేయలేదు.
వాటి కింద రాసుకున్నాను:
ఇరవై నాలుగో పేజీ.
వేళ్లకంటిన మార్కింగు సుద్ద
కాగితమంతా అయింది.