తొమ్మిది సెకన్లు

దస్తగిరీ,
నువ్వంపిన ఫొటో
క్వారీ అడుగున సిగ్నల్ లేక
టీ టైముకి పైకెక్కాక తెరుచుకుంది.

దోహాలో ఏదో హోటలు. నల్లటి నేల.
గోడకి ఆనించిన నీ మాప్ కర్ర.
కింద నీ గొంతు, తొమ్మిది సెకన్లు:
"ఒరే, ఆ చుక్కలు చూడు.
మన చీమకుర్తి రాయే గదరా?"

వేళ్ళతో పెద్దది చేసి చూశా.
ఏ బ్లాకో, ఏ ఏడు లారీ ఎక్కిందో
ఎవడికెరిక.
అయినా
"మనదే. నేనే కోశా" అని చెప్పేశా.

రాత్రి రెండింటికి మళ్ళీ నువ్వు:
"అందుకేరా,
ఎంత తుడిచినా
ఆ మూల దుమ్ము పోవట్లా."

నవ్వబోతే దగ్గొచ్చింది.
మాటలేం కలపకుండా
ఆ దగ్గే రికార్డు చేసి పంపా.

నువ్వు గుర్తుపడతావు.