గాలి ఎటు

మేతకు వదిలే ముందు తోటంతా ఒకసారి
వంగి చూసుకుంటాను.
జాకెట్లకు హుక్కులు కుట్టే చేతులు నావి,
గుండుసూది యాడ జారిందో ఎవురికి తెలుసు?
నిన్న దొరికినవి: రెండు హుక్కులు,
షాంపూ ప్యాకెట్టు చించిన మూల,
దీపావళి నాటి కాకరపువ్వొత్తి తీగ.
అవన్నీ కొంగున ముడేసుకుని
అప్పుడు ఎత్తుతాను కోళ్లగంప.
మొదట ముక్కు వస్తాది.
చానాసేపు ముక్కే.

పలమనేరు రోడ్డు మీద లారీ టైరు రాసుకుని
ఒక పక్క డిప్ప చీలిన తాంబేలు.
తిరుపతి నుంచి డాక్టరొచ్చి బంక పెట్టి అతికించి
వానలు పడేదాకా ఈడనే, ఆపైన అడవికే
అని చెప్పి పోయినాడు.
మా ఆయన ఫారెస్టు వాచరు.
సంతకం ఆయనది, కాపలా నాది.
పెంచుకుంటా ఉండారా అని అడుగుతారు దోవన పోయేటోళ్లు.
లేదు, మా కాడ పెట్టిపోయినారు అంటాను.
ఎరువు సొమ్ము బరువు చేటంటారే,
ఈ ఎరువు సొమ్ము తన బరువు
తానే మోసుకుని తిరుగుతాది.

గేటు పక్కన ఎర్రగన్నేరు ఉండేది.
మా అత్త నాటింది, దేవుడికి ఆ పూలే.
ఆకు ఒక్కటి కొరికినా చాలంట, ప్రాణం పోతాదంట.
మార్గశిరంలో మొదలంటా నరికించినాను.
అత్త రెండు దినాలు నాతో పలకలేదు.
మూడో దినం తానే యాడనుంచో
గలిజేరాకు పట్టుకొచ్చి
"ఇది తింటాదేమో చూడు" అనింది,
నా మొకం చూడకుండా.

తినింది.
గరిక తింటాది, రాలిన మందారం తింటాది,
పిచ్చి తోటకూరను కాడతో సహా.
టమోటా చూస్తే మెడ మూరెడు సాగుతాది గానీ
ఊరికే పెట్టగూడదంట.
టమోటాలు రోడ్డున పారబోసే ఊర్లో
ఈ మాట చెబితే ఎవురు నమ్ముతారు!

ఒక సాయంత్రం ఉలవల కుక్కరు మూడో విజిలేస్తే
లోపలికి పోయి ఆపి వచ్చినాను. అంతే.
లేదు.
తాంబేలు మెల్లగా నడుస్తాదని చెప్పినోళ్లు
పొయ్యి కాడికి పోయి వచ్చినోళ్లు కారు.
గోడ వారన చూసినా, తొట్టి వెనకాల చూసినా,
యాడన్నా వెల్లకిల పడిందేమో,
కాకులేమన్నా మూగినాయేమో అని
ఆకాశం కూడా చూసినా.
నిమ్మచెట్టు కింద ఎండుగడ్డి,
గడ్డి మీద పొద్దుగూకే ఎండ.
ఆ ఎండ గీసే గీతలే దాని వీపు మీద కూడా.
మూడుసార్లు దాటుకుని పోయినాను.
నాలుగోసారి
గడ్డి నమిలింది.

పూత కాలం వచ్చింది.
గోడవతల దొరస్వామన్న మామిళ్లకు
తేనెమంచు పట్టిందని మందు కొట్టినాడు.
గాలి మా పక్కకు తిరిగింది.
గరిక మీద తెల్లగా, నా నాలిక మీద చేదుగా.
"తాంబేలు కోసరం నా పూత రాల్చుకోమంటావా మేయ్?"
అని నవ్వినాడు.
ఏం చెప్పేది? ఆయన ఏడాది తిండి ఆ పూతలో ఉండాది.
గాలి చూసి కొట్టన్నా అన్నాను, అంతే.
పదైదు దినాలు తోటలో కాలు పెట్టనీలేదు దాన్ని.
చెరువుగట్టున గరిక కోసుకొచ్చి
మూడు నీళ్లు కడిగి గంపలో వేసినా.
వాసన చూసి మొకం తిప్పుకునేది,
ఆసుపత్రి కూడు చూసినట్టు.

మొన్న తెల్లారేసరికి గోడ మీద ఒక తలకాయ.
"మేయ్, మీవోడు బయటుండాడా?"
వీపున ట్యాంకు, పిడికిట్లో మట్టి.
గాల్లోకి ఎత్తి మెల్లగా వదిలినాడు.
మట్టి రోడ్డు పక్కకు వంగింది.
ఇద్దరం దాన్నే చూస్తా నిలబడినాం.

కొట్టుకో అన్నా, అన్నాను.

అయినా
గంప బోర్లించినాను.