ఇనుము లేని నోరు

స్వర్ణముఖిలో నీళ్ళు లేని నెలలన్నీ
మాకు మైదానం అదే.
చంద్రగిరి వంతెనకు ఈ పక్క,
ఇసుక తోడుకున్నోళ్ళు వదిలేసిన చదునులో
నలభై మీటర్ల పొడుగు, ఇరవై వెడల్పు, సున్నం గీత.
చుట్టూ ఎనిమిది నూనె డబ్బాలు,
ఒక్కోదాని మీద ఒక్కో అక్షరం.
అ తర్వాత క, క తర్వాత ఎ, ఎ తర్వాత హ.
ఏ పలకమీదా లేని వరస.
ఎందుకట్లా అని పీరాసాబు అడిగినాడు.
నాకు నేర్పినోళ్ళకే తెలీదన్నాను.
"గుర్రానికి తెలిస్తే చాల్లే మేడమ్."

రవ్వ ఆయన గుర్రమే. తెల్లది, పద్నాలుగేళ్ళది.
తిరుపతి కల్యాణమండపాల ముందు
ఎంతమంది పెళ్ళికొడుకుల్ని మోసిందో లెక్కలేదు,
ఒక్కడి మొహమైనా చూసి ఉండదు.
బ్యాండు మోగితే ముందుకాళ్ళు మార్చి మార్చి ఎత్తాలి.
అది ఆట అనుకున్నాం అందరం.
నేనూ ఒకసారి పదినోటు తిప్పి ఇచ్చినాను.

దాని నోరు తెరిచింది వైద్యానికి.
టార్చి వేస్తే
నాలిక మీద అడ్డంగా ఒక కాలవ,
చిటికెన వేలు పట్టేంత.
పీరాసాబు కళ్ళెం తెచ్చి చేతిలో పెట్టినాడు.
ముళ్ళు, వరసగా, కొబ్బరి కోరు మాదిరి.
"మా నాయన నాటిది. కళ్ళెమంటే ఇదే అనుకున్నా."
మర్నాడు పాతసామాన్ల బండికి వేసినాడు.
పదకొండు రూపాయలొచ్చినాయంట.
ఆ పదకొండుకూ ఉలవలు కొన్నాడు.

గుర్రం నడకలకు నిఘంటువులో ఐదు పేర్లుండాయి,
ధౌరితకం, వల్గితం, ప్లుతం, ఇంకా రెండు.
నిలబడ్డానికి పేరుందో లేదో నాకు గుర్తులేదు.

లాగకుండా ఆగమని చెప్పేదెట్లా?
ముక్కు మీద తోలుపట్టీ, రెండు తాళ్ళు, అంతే.
మొదటి నెల నేను చెప్పినప్పుడు అది ఆగలేదు,
అది ఆగినప్పుడు నేను చెప్పలేదు.
కాలేజీ గుర్రాల దండులో నేర్చిన చేతులు,
భయమేస్తే వాటంతటవే ముడుచుకుంటాయి.
నడుము బరువు దించి, ఊపిరి వదిలి,
ఆ ఊపిరి దాని వెన్నులోకి దిగేదాకా కాచుకోవాల.
తిరగాల్సిన చోటు వైపు ఊరికే చూడాల.
చూపుకు అంత తూకముంటుందని
నలభై ఏడేళ్ళకు తెలిసింది.

పోటీకి రాసినాము.
కళ్ళెం లేనిదే లోపలికి రానియ్యమన్నారు.
పీరాసాబు ఆ కాగితం మడిచి
డబ్బా కింద చెక్కగా పెట్టినాడు, ఊగకుండా.

మాఘంలో ఒక సాయంత్రం,
హ దగ్గర మలుపు తిరుగుతా ఉండాం,
వంతెన మీద పెళ్ళి బ్యాండు.
రవ్వ చెవులు వెనక్కి పోయినాయి.
నా తొడల కింద పక్కటెముకలు బిగుసుకున్నాయి.
కాలెత్తింది. దించింది. ఇంకో కాలు.
ఉన్నచోటనే,
కొలిచినట్టు, ఇసుక రేగకుండా,
వెన్ను పైకి లేచి నన్నెత్తి పట్టుకొని.

ఆ అడుగు కోసమే ఏడాదిగా పుస్తకాలు తిరగేస్తా ఉండాను.
ఫ్రెంచి పేరొకటి ఉండాది దానికి, నోరు తిరగదు.
ఎంత అందంగా ఉందంటే,
ఒక్క క్షణం నేను ఏమీ ఆలోచించలేదు.

గీత బయట పీరాసాబు కేక:
"కొట్టి నేర్పినాం మేడమ్ అది, కొట్టి నేర్పినాం!"

వేళ్ళు ముడుచుకున్నాయి.
తాళ్ళు జారవిడిచి జూలు పట్టుకున్నాను.
నోట్లో ఇప్పుడేమీ లేదని దానికి తెలుసో లేదో.
ఊపిరి వదిలినాను. మళ్ళా వదిలినాను.
బ్యాండు ఇంకా మోగతానే ఉంది,
పాట సగంలో ఉంది,
రవ్వ నిలబడింది.
స డబ్బాకు నాలుగడుగులు అవతల.

పుస్తకం లెక్కన ఆ నిలబడ్డానికి సున్నా.
నేను చెప్తే ఆగిందా, దానికే చాలనిపించిందా,
ఇప్పటికీ తేల్చుకోలేదు.

దిగి జీను వదులు చేసినాను.
పీరాసాబు అరచెయ్యి చాపినాడు, ఆ చెయ్యి వణకతా ఉంది.
ఒక ఉలవగింజ నాలిక మీది కాలవలో పడింది.
తిప్పి తిప్పి దాన్ని
పంటి కిందికి తెచ్చుకుంది రవ్వ,
తొందరేమీ లేకుండా.